కేదార్‌కంఠకి బ్యాగ్ సర్దేముందు

సంక్రాంతి సెలవుల్లో కోనసీమ నుంచి బయల్దేరేవాళ్లకి. మనది సముద్రమట్టం, ఉత్తరాఖండ్‌లోని ఈ హిమాలయ శిఖరం దాదాపు 12,500 అడుగుల ఎత్తు.

- కాటన్ బనీన్లు, జీన్స్ ఇంట్లోనే వదిలేయండి, చెమటకి తడిస్తే ఓ పట్టాన ఆరవు, గాలి తగిలితే ఒంట్లో వేడంతా లాగేస్తాయి. లోపల పాలిస్టర్ లేదా ఉన్ని, మధ్యలో ఫ్లీస్ (మెత్తటి నూగు గుడ్డ స్వెటర్), పైన గాలీ నీళ్లూ చొరబడని జాకెట్. చెమట పట్టకముందే ఒక పొర తీసేయాలి, ఆగగానే మళ్లీ వేసుకోవాలి.
- పొద్దున ఎండ చూసి మురిసిపోవద్దు, మధ్యాహ్నానికి మంచు పడొచ్చు. గైడ్ దిగమంటే దిగడమే, బేరాల్లేవు.
- ఫోన్, పవర్‌బ్యాంకు లోపలి జేబులో. చలికి ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది.
- దారిలో తినడానికి మామిడి తాండ్ర. పూతరేకులు బ్యాగులో పిండైపోతాయి, ఆశపడొద్దు.
- తలనొప్పి, వాంతులు ఉంటే ఇంకా పైకి ఎక్కొద్దు.
- ఎవరికైనా మాట ముద్దగా వస్తున్నా, కాళ్లు తడబడుతున్నా, వాడు "బానే ఉన్నాన్రా" అన్నా సరే నమ్మకండి, ఒంటి వేడి పడిపోతున్నట్టే (హైపోథర్మియా), తడి బట్టలు మార్చి స్లీపింగ్ బ్యాగులో దూర్చి, మింగగలిగితే వేడి తీపి టీ పట్టండి. ఒళ్లు వెచ్చబడకుండానే వణుకు దానంతటదే ఆగిపోతే ముదిరినట్టే, వెంటనే కిందికి దించే ఏర్పాటు చూడాలి. చలి కదా అని మందు కొట్టడం అసలొద్దు, వెచ్చగా అనిపిస్తుందే గానీ ఒంటి వేడి ఇంకా బయటికి పోతుంది.