కారు లేకుండా శాక్రమెంటో దాకా: క్యాపిటల్ కారిడార్ రైలు సంగతులు

కాలిఫోర్నియాకి కొత్తగా వచ్చి, శాంటాక్లారాలోనో ఫ్రీమాంట్‌లోనో దిగి, ఇంకా లైసెన్సు రాక, కారు కొనక, శని ఆదివారాలు గదిలోనే గడిపేస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. శాక్రమెంటోలో పిన్నివాళ్ళున్నా, డేవిస్‌లో స్నేహితుడు చదువుతున్నా, ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తే తప్ప కదల్లేమనుకుంటారు చాలామంది. కదలొచ్చు. రైలుంది.

శాన్‌హోసే నుంచి ఫ్రీమాంట్, ఓక్లాండ్, మార్టినెజ్, డేవిస్ మీదుగా శాక్రమెంటో వెళ్ళే ఈ రైలు 1991 డిసెంబరులో మొదలైంది. శాక్రమెంటో దాటి ఆబర్న్ దాకా లెక్కేస్తే 168 మైళ్ళ దారి. నడిపేది అమెరికా అంతటా ప్రయాణికుల రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ కాబట్టి టికెట్టు ఆమ్‌ట్రాక్ యాప్‌లోనే కొనుక్కోవచ్చు. బెర్తు, సీటు నంబరు, వెయిటింగ్ లిస్టు ఏవీ ఉండవు. ఎక్కి, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. కండక్టర్ టికెట్టు చూసి, మీ సీటు పైన ఒక చీటీ పెడతారు. మీరు దిగే స్టేషన్‌కి అది గుర్తు. సీటు మారితే ఆ చీటీ వెంట తీసుకెళ్ళండి.

అన్నిటికన్నా ముఖ్యం టైము. మన ఎంఎంటీఎస్‌లా ఇది కాకపోతే ఇంకోటి అనుకోవద్దు. ఓక్లాండ్, శాక్రమెంటోల మధ్య బళ్ళు కాస్త ఎక్కువే గానీ, ఓక్లాండ్ నుంచి శాన్‌హోసే వైపు వచ్చేవి బాగా తక్కువ. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం శాంటాక్లారాలోని గ్రేట్ అమెరికా స్టేషన్‌లో నిలబడ్డాను. టికెట్ కౌంటరు లేదు, అడగడానికి మనిషి లేడు. ఆఖరి బండి వెళ్ళిపోయిందని అర్థమయ్యేసరికి చీకటి పడింది. ఫ్రీమాంట్ నుంచి ఒక అన్నయ్య వచ్చి ఇంటికి చేర్చారు. అందుకే చెప్తున్నాను, బయల్దేరే ముందే తిరుగు బండి టైము రాసిపెట్టుకోండి.

ఈ రైలు శాన్‌ఫ్రాన్సిస్కోలోకి వెళ్ళదు. శాక్రమెంటో వైపు నుంచి వచ్చేవాళ్ళు రిచ్‌మండ్‌లో దిగితే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళడానికి అదే స్టేషన్‌లో బార్ట్ అనే లోకల్ రైలు దొరుకుతుంది. ఎమరీవిల్‌లో దిగితే అక్కడికి ఆమ్‌ట్రాక్ బస్సుంది. ఓక్లాండ్ విమానాశ్రయానికైతే కొలీసియం అనే స్టేషన్‌లో దిగి, వంతెన దాటి బార్ట్ స్టేషన్‌కి వెళ్ళి, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు రైలెక్కాలి.

సైకిల్ తీసుకెళ్ళొచ్చు, బోగీలోనే స్టాండు ఉంటుంది. డేవిస్‌లో చదివేవాళ్ళకి ఇది పెద్ద వరం. పులిహోర డబ్బా నిరభ్యంతరంగా తెచ్చుకోండి. కెఫే బోగీ ఉన్నా మన నోటికి తగినవి అందులో తక్కువ.

పట్టాలు చాలావరకు యూనియన్ పసిఫిక్ అనే గూడ్సు కంపెనీవి. అవే పట్టాల మీద గూడ్సు బళ్ళూ తిరుగుతాయి కాబట్టి ఆలస్యం మామూలే. మార్టినెజ్ దగ్గర జలసంధి మీదున్న రైలు వంతెనలో ఒక భాగాన్ని ఓడ వస్తే పైకి ఎత్తుతారు, అప్పుడూ ఆగాల్సిందే. ఇంటర్వ్యూ, కోర్టు పని లాంటివుంటే ఒక బండి ముందే ఎక్కండి.

శాక్రమెంటో వెళ్ళేటప్పుడు ఎడమ చేతి వైపు, పై అంతస్తులో కూర్చోండి. రిచ్‌మండ్ దాటాక నీళ్ళు కిటికీ పక్కకే వచ్చేస్తాయి, మార్టినెజ్ దాకా ఒడ్డు వెంబడే ప్రయాణం. వంతెన దాటితే సూసూన్ చిత్తడి నేలలు. శీతాకాలంలో బాతులు గుంపులు గుంపులుగా లేస్తుంటే మా అమ్మ కొల్లేరుని తలుచుకుంది.

పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే ఒక్క మాట. 65 దాటినవారికి టికెట్టులో తగ్గింపుంది, కొనేటప్పుడే వయసు చూపించండి. పిల్లలకీ తగ్గింపు వస్తుంది. శాక్రమెంటోలో 2012లో పట్టాలు జరిపారు, ప్లాట్‌ఫాంకీ పాత స్టేషన్ భవనానికీ మధ్య సొరంగ మార్గంలో బాగా నడవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళుంటే తిరుగు ప్రయాణంలో అరగంట ముందే స్టేషన్‌కి చేరుకోండి.