క్రాన్‌బెర్రీ మొక్క కాయడం లేదా? తిరుపతి మిద్దె తోటలవాళ్ల కోసం

ముందు కుండీలో ఉన్నది ఏ మొక్కో తేల్చుకోండి. మన నర్సరీల్లో క్రాన్‌బెర్రీ అని ఇచ్చేది చాలాసార్లు వాక్కాయే. చిత్తూరు పల్లెల్లో కలేకాయ అంటామే, అదే. ఒక ఆకు తుంచి చూడండి. తెల్లగా పాలు కారి, కొమ్మకు జంట ముళ్లుంటే వాక్కాయ. ముల్లూ పాలూ లేకుండా, చిట్టి ఆకుల సన్న తీగ నేలమీద పాకుతుంటే అసలు క్రాన్‌బెర్రీ.

సమస్య: తీగ బతికే ఉంది, పూత మాత్రం రాదు
అసలు క్రాన్‌బెర్రీ పూయాలంటే చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి కనీసం 1000 గంటలైనా తగలాలి. అమెరికాలో విస్కాన్సిన్, మసాచుసెట్స్ లాంటి మంచు కురిసే చోట్ల అది పండేది అందుకే. తిరుపతిలో ఆ చలి ఎక్కడిది? పైగా మే నెలలో ఎండ 40 దాటుతుంది. దీనికి పరిష్కారం లేదు. ఫ్రిజ్‌లో పెట్టి చూస్తామంటారు కొందరు. ఆ కరెంటు బిల్లుతో ఎండు పండ్లే కొనుక్కోవచ్చు. తీగను ఆకుల అందానికి ఉంచుకుని, కాయ కోసం వాక్కాయ నాటండి.

సమస్య: లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన
కారణం బోరు నీళ్లు. గీజర్లో తెల్లగా పేరుకునే సున్నమే కుండీ మట్టిలోనూ చేరుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. క్రాన్‌బెర్రీకి పీహెచ్ 4 నుంచి 5.5 మధ్య ఉండే పుల్లమట్టి కావాలి కాబట్టి అది ముందు దెబ్బతింటుంది, వాక్కాయ చాలావరకు తట్టుకుంటుంది. వాన నీళ్లు డ్రమ్ములో పట్టి పోయండి. ఐరన్ చీలేట్ (మొక్క సులువుగా తీసుకునే రూపంలో ఉన్న ఇనుము) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సాయంత్రం పిచికారీ చేయండి. కొత్త ఆకులు పచ్చగా వస్తే పని చేసినట్టే. పాతవాటి కోసం టెన్షన్ పడొద్దు. బూడిద మాత్రం వేయకండి, సున్నం ఇంకా పెరుగుతుంది.

సమస్య: వాక్కాయ ఏపుగా పెరిగింది, కాయ లేదు
విత్తనపు మొక్కయితే మూడో ఏడు దాకా ఆగాలి. వయసు వచ్చినా పూయకపోతే నీడ, లేదా యూరియా ఎక్కువై ఉంటుంది. రోజంతా ఎండ పడే మూలకు మార్చి, యూరియా మానేసి, చివికిన పశువుల ఎరువు వేయండి.

సమస్య: కింది ఆకులు రాలుతున్నాయి
నీళ్లు ఎక్కువయ్యాయి. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. పైమట్టి ఆరాకే మళ్లీ తడపండి.

సమస్య: కొమ్మ చివర తెల్లటి పిండి, చీమల బారు
పిండినల్లి. గట్టిగా నీళ్లు కొట్టి కడిగి, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి చల్లండి. పప్పులోకి కోసుకునే కాయలుంటే ముందే కోసేయండి.