పాత గద్వాల చీరకు వెల కట్టే ముందు

అమ్మమ్మ నాటి గద్వాల చీర బీరువాలో ఉంటే, పాత పట్టుచీరలు కొంటామని వీధిలోకి వచ్చేవారికి తూకం మీద ఇచ్చేయకండి. వారు జరీలోని వెండికి లెక్క కడతారే తప్ప నేతకు కాదు.

చీరను తిరగేసి, నడిమి నూలు భాగం పట్టు అంచుతో కలిసేచోటును పగటి వెలుతురులో చూడండి. అక్కడ రెండు రంగుల పేకపోగులు (అడ్డంగా నేసే దారాలు) ఒకదానినొకటి పెనవేసుకొని సన్నని రంపపు పళ్లలా కనిపించి, నడిమి రంగు అంచులోకి పాకకుండా ఆగితే, అది వేర్వేరు నాడెలతో నేసిన కుప్పడం పని. నా దృష్టిలో ధరలో పెద్ద పాలు దీనిదే.

కొంగు కొసన ఊడిన జరీ పోగు ఉంటే గోటితో విప్పండి. మేలైన పాత జరీలో పట్టుదారం చుట్టూ బంగారు పూత పూసిన వెండి తీగ ఉంటుంది. అది నల్లబడినంత మాత్రాన నకిలీ కాదు, వెండి సహజంగానే నల్లబడుతుంది. మడతల వెంట పట్టు చిట్లితే మాత్రం ధర బాగా పడిపోతుంది.

సరుకు ఫలానా ఊరిదేనని తెలిపే భౌగోళిక గుర్తింపు (జీఐ) ముద్రకు ఆధారమైన చట్టమే 1999 నాటిది కనుక, అంతకు ముందటి చీరపై ఆ ముద్ర వెదకనవసరం లేదు.

నేతకు ముందే దారాలకు రంగులద్దే పోచంపల్లి, పుట్టపాక చీరలైతే రెండు వైపులా రంగు సమానంగా ఉండాలి. వెనుక వెలవెలబోతే అది అచ్చు వేసిన గుడ్డ కావచ్చు.