టోబా బటక్ పెళ్లికి అతిథిగా వెళ్లేవారు పాటించవలసిన మర్యాదలు

తెలుగునాట పెళ్లి మర్యాదలు చాలావరకు మగపెళ్లివారి చుట్టూ తిరుగుతాయి. విడిదిలో కాఫీ ఆలస్యమైతే అలిగేది వారు, పరుగున వచ్చి సర్దిచెప్పేది ఆడపెళ్లివారు. ఇండొనేసియాలోని ఉత్తర సుమత్రాలో, టోబా సరస్సు చుట్టుపక్కల పుట్టి పెరిగిన బటక్ ప్రజల పెళ్లికి ఇదే ఊహతో వెళ్లినవారికి అక్కడ జరిగేదంతా తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ పిల్లనిచ్చినవారే పైవారు. పిల్లను తెచ్చుకున్నవారు వారి ముందు వినయంగా నిలబడి, శుల్కం చెల్లించి, వంట వడ్డన చూసుకుని, బదులుగా దీవెనలు పొందుతారు. మెదాన్‌లోనో, జకార్తాలోనో, సింగపూర్‌లోనో పనిచేసే తెలుగువారికి బటక్ స్నేహితుల నుంచి శుభలేఖ అందినప్పుడు ముందుగా తెలుసుకోవలసినది ఈ ఒక్క విషయమే. కూర్చునే చోటు, ఇచ్చే కానుక, పిలిచే వరుస, పళ్లెంలోకి వచ్చే మాంసపు ముక్క, అన్నీ దీనినుంచే పుడతాయి.

శుభలేఖ చేతికి రాగానే ఆ కుటుంబం బటక్‌లలో ఏ శాఖకు చెందినదో అడిగి తెలుసుకోండి. 2010 జనాభా లెక్కల ప్రకారం ఇండొనేసియాలో బటక్‌లు సుమారు 85 లక్షల మంది. వారిలో టోబా, కరో, సిమలుంగున్, పక్‌పక్, అంగ్‌కోలా, మాండైలింగ్ అనే శాఖలు ఉన్నాయి. టోబావారు ఎక్కువమంది ప్రొటెస్టంటు క్రైస్తవులు; వారి ప్రధాన చర్చి 1861లో ఏర్పడింది. మాండైలింగులు దాదాపు అందరూ ముస్లిములు, వారిలో చాలామంది తమను బటక్‌లని పిలిస్తే ఒప్పుకోరు. కరోవారిలోనూ అలాంటివారు ఉన్నారు. కనుక ఎదుటివారు తమంతట తాము చెప్పుకోనిదే ఎవరినీ బటక్ అని సంబోధించవద్దు. పలకరింపు కూడా శాఖను బట్టి మారుతుంది. టోబావారిని ‘హోరాస్’ అని, కరోవారిని ‘మెజువా జువా’ అని, పక్‌పక్‌లను ‘న్జువా జువా’ అని పలకరించాలి. ఇక్కడ చెప్పేది టోబావారి పెళ్లి గురించి మాత్రమే.

శుభలేఖలో వధూవరుల పేర్ల చివర కనిపించే సిమాన్‌జుంతక్, సిటోరుస్, పాంజైతన్, సిహోంబింగ్, నైంగ్‌గోలన్ వంటివి ‘మర్గా’లు. మర్గా తండ్రి నుంచి సంక్రమిస్తుంది. అది మన ఇంటిపేరులా పేరుకు తగిలి ఉన్నా, గోత్రంలా పనిచేస్తుంది. ఒకే మర్గావారు పెళ్లాడరు. కొన్ని మర్గాలు ఒకే మూలపురుషుడి సంతతి కనుక వాటి మధ్య కూడా పెళ్లి నిషిద్ధం. రాజా నై అంబటోన్ వంశస్థులుగా చెప్పుకొనే అరవైకి పైగా మర్గాలు ఇందుకు ఉదాహరణ. వరుడి మర్గా ఏది, వధువు మర్గా ఏది, మిమ్మల్ని పిలిచింది ఎవరు అన్న మూడు సంగతులనూ ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఎందుకంటే ఆ రోజు పందిట్లో ఉన్న ప్రతి మనిషీ మూడు పక్షాలలో ఒకదానికి చెందుతాడు. కుండను మోసే మూడు పొయ్యిరాళ్ల పేరుతోనే ఈ అమరికను ‘దాలిహన్ న తోలు’ అంటారు. పిల్లనిచ్చిన వంశం ‘హులాహులా’, సొంత మర్గావారు ‘డోంగన్ టుబు’, పిల్లను తెచ్చుకున్న వంశం ‘బోరు’. హులాహులా పట్ల భక్తితో, వినయంగా ఉండాలి, సొంతవారితో జాగ్రత్తగా ఉండాలి, బోరును లాలించాలి అన్నది టోబావారు చిన్ననాటి నుంచి వినే నియమం. సొంతవారితో జాగ్రత్త దేనికని మనకు అనిపించవచ్చు కాని, అన్నదమ్ముల మధ్య మాట తూలడం ఎంత సులభమో తెలిసినవారే ఆ నియమం పెట్టి ఉంటారు. ఇవి శాశ్వతమైన హోదాలు కావు. ఈ రోజు తన చెల్లెలి పెళ్లిలో హులాహులాగా ముందు వరుసలో కూర్చున్న మనిషి, వచ్చే వారం తన బావమరిది ఇంటి వేడుకలో నడుము బిగించి అన్నం వడ్డిస్తాడు. పదవినీ సంపదనూ ఈ లెక్క పట్టించుకోదు.

ఇక్కడ తెలుగువారికి ఒక సదుపాయం ఉంది, దానితోపాటే ఒక ప్రమాదమూ ఉంది. మేనరికం మనకు కొత్త కాదు. టోబా యువకుడికి మేనమామ కూతురు అన్నివిధాలా తగిన వధువు అంటే మనకు వెంటనే అర్థమవుతుంది. అయితే మనలో మేనత్త కూతురినీ చేసుకుంటారు, కొన్ని కుటుంబాలలో అక్క కూతురినీ చేసుకుంటారు. టోబావారిలో ఆ రెండూ ఊహించరానివి. మేనత్త ఏ ఇంటికి వెళ్లిందో ఆ ఇల్లు మనకు బోరు; అక్కడినుంచి పిల్లను తెచ్చుకుంటే కిందివారు పైవారవుతారు, మొత్తం అమరిక తారుమారవుతుంది. అందుకే అక్కడి యువకుడు మేనత్త కూతురిని సోదరిగానే పిలుస్తాడు. భోజనాల దగ్గర సరదాకైనా మన మేనరికాల ముచ్చట్లు చెప్పేటప్పుడు మేనమామ కూతురి దగ్గర ఆగిపోవడం మేలు.

పరిచయం కాగానే మీ మర్గా ఏమిటని అడుగుతారు. ఇద్దరు టోబావారు మొదటిసారి కలిసినప్పుడు మర్గాలూ తల్లుల మర్గాలూ తాతల ఊళ్లూ ఆరా తీసి, వరుస తేల్చుకున్నాకే తీరిగ్గా మాట్లాడుకుంటారు. మీకు మర్గా లేదని చెప్పడంలో తప్పు లేదు. పెద్దవారైన పురుషులను ‘అమాంగ్’ అని, స్త్రీలను ‘ఇనాంగ్’ అని పిలిస్తే ఎవరూ నొచ్చుకోరు. ఈడువారైతే పురుషుడు పురుషుణ్ని ‘లాయె’ అని, స్త్రీ స్త్రీని ‘ఎడా’ అని, స్త్రీ పురుషులు ఒకరినొకరు ‘ఇతో’ అని పిలుచుకుంటారు. మేనమామను ‘తులాంగ్’ అని, ఆయన భార్యను ‘నాన్‌తులాంగ్’ అని, మేనత్తను ‘నాంబోరు’ అని అనాలి. మనం మేనమామ భార్యనూ మేనత్తనూ ఒకే నోటితో అత్తా అంటాం; అక్కడ మొదటామె హులాహులా, రెండవామె బోరు, కనుక ఆ పిలుపులు కలగలిపితే పెద్ద పొరపాటే. బిడ్డలున్న పెద్దలను పేరు పెట్టి పిలవకూడదు. పెద్దబిడ్డ పేరు చేర్చి ఫలానావారి తండ్రి, ఫలానావారి తల్లి అనాలి. మామగారూ కోడలూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు, పక్కపక్కన కూర్చోరు. అలాగే భార్య సోదరుడి భార్యతోనూ దూరం పాటిస్తారు. ఫొటో కోసం వారిని పక్కపక్కన నిలబెట్టాలని ఉత్సాహపడకండి.

పెళ్లి ఉదయం చర్చిలో మొదలవుతుంది, తరువాత ఆచార విందు సాయంత్రం వరకూ సాగుతుంది. నిరాడంబరమైన మంచి దుస్తులు చాలు. మన చీర, కుర్తా కూడా నప్పుతాయి. కాని భుజాన వేసుకునే ‘ఉలోస్’ వస్త్రాన్ని అందంగా ఉందని మీరే కొని కప్పుకుని వెళ్లకండి. ఉలోస్‌లో రకరకాలున్నాయి, ప్రతిదానికీ ఒక సందర్భముంది. ఉదాహరణకు నీలి ఛాయల సిబోలాంగ్‌ను మరణ సందర్భాలలో వాడతారు. ఆతిథ్యమిచ్చేవారు ఇస్తే వారు చెప్పిన విధంగా ధరించండి.

విందు జరిగే చోట రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చుంటాయి. మిమ్మల్ని పిలిచినది వరుడి కుటుంబమైతే వారి స్నేహితుల చోట, వధువు కుటుంబమైతే ఆ వైపు కూర్చోవాలి. ముందు వరుసలు ఖాళీగా ఉన్నా వెళ్లకండి, అవి ఇంకా ఊరేగింపుగా రావలసిన హులాహులాల కోసం. వారు వస్తున్నప్పుడు స్త్రీల తలలపై అల్లిక సంచులు కనిపిస్తాయి. ‘తాండొక్’ అనే ఆ సంచులలో బియ్యం తెస్తారు. ఆ బియ్యంలో పిడికెడు తీసి దంపతుల తలలపై వేయడం చూసినప్పుడు ఏ తెలుగువారికైనా అక్షింతలు గుర్తుకు వస్తాయి. మనిషిలోని ‘టోండి’, అంటే ప్రాణశక్తి, దృఢంగా నిలవాలని వారు వేస్తారు.

భోజనాల విషయం ముందే తేల్చుకోవడం చాలా అవసరం. విందులో ప్రధానమైనది పంది మాంసం. ‘సక్‌సాంగ్’ అనే కూరను రక్తంతో కలిపి వండుతారు. పంది మాంసం తిననివారిని ‘పర్‌సుబాంగ్’ అంటారు, ముస్లిం బంధువుల కోసం వారికి వేరే వంట, వేరే బల్లలు ఏర్పాటు చేయడం మామూలే. మీరు పర్‌సుబాంగ్ అని రెండు రోజుల ముందే చెబితే చాలు, కారణం అడగరు. శాకాహారులైతే ఆ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే పర్‌సుబాంగ్ బల్ల మీదా కోడి, చేప ఉంటాయి. తాటికల్లు రుచి ఎరిగినవారికి అక్కడి ‘తుఆక్’ పరిచితంగానే ఉంటుంది. అది జీలుగు జాతి చెట్టు కల్లు.

రెండు పక్షాలూ ఒకరికొకరు ఇచ్చుకొనే ఆహారాన్ని దగ్గరనుంచి గమనించండి. వరుడి పక్షం వండిన పందిని తల, మెడ, పక్కటెముకలు, తొడలు, తోక గుర్తుపట్టేలా పళ్లెంలో పేర్చి వధువు పక్షానికి అందిస్తుంది. వధువు పక్షం చేపను ఇస్తుంది. ఆ చేపను ముక్కలు చేయరు. పసుపు, అల్లం జాతి మొగ్గలు, నాలుకను తిమ్మిరెక్కించే ‘ఆందలిమన్’ అనే మిరియం వంటి గింజలు పట్టించి, నీరంతా ఇగిరిపోయేవరకు సన్నని సెగ మీద ఉంచుతారు. తల నుంచి తోక దాకా చెదరకుండా, బేసి సంఖ్యలో, పళ్లెంలో ఒకే దిక్కుకు తలలు పెట్టి అందిస్తారు. పై నుంచి కిందికి చేప, బియ్యం, ఉలోస్. కింది నుంచి పైకి మాంసం, సొమ్ము. ఈ ప్రవాహం ఒక్కసారి పట్టుబడితే మిగిలిన తంతంతా మీకే అర్థమవుతుంది. తరువాత ఆ మాంసాన్ని పెద్దలు పంచుతారు. ఎవరికి ఏ భాగమన్నది చర్చించి తేల్చే ఈ పంపకాన్ని ‘జంబార్’ అంటారు. మాట్లాడే హక్కుకూ జంబార్ అనే పేరు. వాదన సాగుతోందని చూసి గొడవ అనుకోకండి. తనకు చెందవలసిన చిన్న ఎముక ముక్క రాకపోతే ఒక పెద్దాయన నొచ్చుకోవడం అక్కడ న్యాయమే, ఆ ముక్క ఆయన స్థానానికి సాక్ష్యం. మీకు పొట్లం చేతికిస్తే రెండు చేతులా అందుకోండి, వద్దనకండి.

కానుకగా సొమ్మును కవరులో ఇవ్వడం సులభం. వరుడి పక్షంలోని స్నేహితులు ఇచ్చే ఈ చదివింపులను ‘టుంపక్’ అంటారు. పిలిచినప్పుడు వరుసలో వెళ్లి ఇచ్చి రావాలి. వస్తువులు కొనాలనుకుంటే ఉలోస్ మాత్రం ఇవ్వవద్దు. దానిని కప్పే అధికారం హులాహులాదే, బోరు స్థానంలో ఉన్నవారు పైవారికి ఉలోస్ ఇస్తే తలకిందులైనట్టే. వరుడి పక్షం చెల్లించే ‘సినమొత్’ అనే కన్యాశుల్కం ముందే పెద్దల మధ్య రహస్యంగానూ, తరువాత బహిరంగంగానూ మాట్లాడుకుని స్థిరపరచినది. ఆ మొత్తం ఎంత అని అతిథి అడగరాదు.

అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం వధువు తల్లిదండ్రులు ‘ఉలోస్ హెలా’ కప్పడం. ఇద్దరూ పక్కపక్కన నిలబడిన దంపతుల భుజాల చుట్టూ ఒకే వస్త్రాన్ని చుట్టి, రెండు అంచులూ వారి ఎదుట కలుపుతారు. తండ్రి ప్రాసలతో కూడిన ‘ఉంపసా’ దీవెన పద్యాలు చదువుతాడు. ఒక్కొక్క పద్యం ముగిసినప్పుడల్లా సభంతా ‘ఇమా టుటు’ అంటుంది, మీరూ అనవచ్చు. ఉలోస్‌తోపాటు అల్లుడికి ఒక లుంగీ కూడా ఇస్తారు. అత్తవారింట వేడుక జరిగినప్పుడల్లా ఆ లుంగీ కట్టుకుని పనికి రావాలని దాని భావం. మన కొత్త అల్లుడి దర్జా తెలిసిన నాకు ఈ తంతు చూస్తే ఆ ఆచారం మీద గౌరవం కలుగుతుంది.

నృత్యానికి రమ్మని పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. ‘టోర్టోర్’ నెమ్మదైన ఆట. చేతులు భుజాలను దాటి పైకి లేపరు, లేపితే అహంకారం కింద లెక్క. అరచేతులు జోడించడంతో మొదలయ్యే ఆటలో ముందువారిని అనుసరిస్తే సరిపోతుంది. నర్తకుల వేళ్ల మధ్య నోట్లు పెట్టడం కనిపిస్తే మీరూ ఒక చిన్న నోటు పెట్టవచ్చు.

మీ ఇంటి బిడ్డే బటక్ కుటుంబంలోకి వెళుతున్న సందర్భమైతే పద్ధతి వేరు. మర్గా లేనివారిని ఈ అమరికలో నిలబెట్టడానికి చోటు ఉండదు కనుక ముందే ఒక మర్గా ఇస్తారు. తెలుగు అమ్మాయి టోబా వరుణ్ని చేసుకుంటే సాధారణంగా వరుడి మేనమామ కుటుంబం ఆమెను కూతురిగా స్వీకరిస్తుంది; అప్పుడు ఆమె అతనికి మేనమామ కూతురే అవుతుంది. తెలుగు అబ్బాయి టోబా అమ్మాయిని చేసుకుంటే వధువు మేనత్త భర్త మర్గాలోకి అతణ్ని తీసుకోవడం పరిపాటి. ఈ దత్తత విందుతో, ఉలోస్‌తో, పెద్దల సాక్షిగా జరుగుతుంది. కొత్త తల్లిదండ్రులు పేరుకు మాత్రమే కాదు, పెళ్లి మాటల్లో, పంపకాల్లో, ఆ తరువాత పుట్టిన బిడ్డలకు జరిపే వేడుకల్లో వారిదే ముందు మాట. కనుక అసలు తల్లిదండ్రులు ముందుగా ఆ కుటుంబాన్ని చూసి రావడం, వారితో ఏ బాధ్యత ఎవరిదో మాట్లాడుకోవడం, సినమొత్‌లో వారి పాత్ర అడిగి తెలుసుకోవడం పెళ్లి తేదీ నిర్ణయించడానికి ముందే పూర్తి కావాలి.