షార్ట్ ఫిల్మ్ పాఠాలు – 5: మాట వినబడాలి

పోయిన భాగంలో ట్యూబ్‌లైట్ కింద షట్టర్ 1/50 సెకను దగ్గర ఎందుకు ఉంచాలో చూశాం. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి కుదరని షట్టర్ పెడితే తెర మీద చారలు పాకుతాయి. అదే కరెంటు ఫ్యానులో, ఫ్రిజ్‌లో సన్నగా మోగుతూ మన డైలాగుల్ని ఎలా పాడుచేస్తుందో ఈసారి చూద్దాం.

మొదటి భాగం నుంచీ మనం పట్టుకున్న కథ గుర్తుంది కదా. కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి బత్తాయి తోట అమ్ముదామంటాడు. తండ్రి పలకడు, తల్లే మాట్లాడుతుంది. నల్లగొండ దగ్గరి ఊళ్లో మా పెద్దమ్మ వాళ్లింట్లో తీశాను, తల్లి వేషం కూడా ఆమెకే ఇచ్చాను. పెద్దమ్మకు కెమెరా అంటే బెరుకు లేదు. టెన్షనంతా నాకే, ఆమె మాట సరిగ్గా రికార్డవుతుందో లేదో అని.

'తర్వాత డబ్బింగ్ చెప్పించుకోవచ్చు కదా' అని చాలామంది సలహా ఇస్తారు. అలవాటున్న నటులైతే సరే. ఎప్పుడూ నటించని మనిషిని మూసిన గదిలో మైకు ముందు నిలబెట్టి, తెర మీద తన పెదాలే చూసుకుంటూ అదే మాట మళ్లీ అనమంటే మాట వస్తుంది గానీ యాస రాదు. "ఏంది బిడ్డా గట్లంటవు? మీ నాయిన పానమంత ఆ తోటల్నే ఉన్నది" అని పొయ్యి ముందు గడగడా అనేసిన పెద్దమ్మ, మైకు ముందు బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా ఒత్తి పలుకుతుంది. మన ప్రాంతపు కథ తీసేదే ఆ పలుకు కోసం. అందుకే నా లెక్కలో కొత్త లెన్స్ కంటే ముందు కొనాల్సింది కాలర్ మైకు, అంటే బట్టలకు తగిలించే చిన్న మైకు. అదీ కుదరకపోతే వైరున్న ఇయర్‌ఫోన్ మైకు, పక్కన పడేసిన పాత ఫోను చాలు. పాత ఫోను నటి దగ్గర ఉండి గొంతు రికార్డు చేస్తుంది, కొత్త ఫోను బొమ్మ తీస్తుంది.

దూరం విషయంలో మాత్రం రాజీ పడొద్దు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఆ దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ఫ్యాను మోత మాత్రం గదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. కెమెరాకు తగిలించిన మైకుతో గది అవతలి నుంచి తీస్తే మోత మిగిలి మాట పోయేది ఇందుకే. ఎడిటింగ్‌లో వాల్యూం పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి.

ఇప్పుడు మైకు ఎక్కడ పెట్టాలి? చొక్కాకైతే రెండు గుండీల మధ్య, లోపలి వైపు. చీర దగ్గరే అసలు పని. గంజి పెట్టిన కాటన్ చీర కదిలితే గరగరమంటుంది, కాబట్టి మెత్తగా నలిగిన పాత చీర కట్టించండి. కథకూ అదే నప్పుతుంది. గుండె మధ్యలో పెడితే పుస్తెలతాడు వచ్చి మైకుకు టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. కొంచెం పక్కకు జరిపి, భుజం వైపు జాకెట్ అంచు లోపల మెడికల్ టేపుతో అతికించండి. మైకు కింద వైరును ఒక చిన్న చుట్టు చుట్టి, దానికీ టేపు వేయండి. అప్పుడు వైరు ఎక్కడ లాగినా ఆ కుదుపు మైకు దాకా రాదు. ఈ పని ఆడవాళ్ల చేతే చేయించండి. మా యూనిట్లో చెల్లెలు చూసుకుంది.

గాజుల సంగతి వేరు. తీసేయమని అడగొద్దు. పెద్దమ్మలాంటి వాళ్లు నొచ్చుకుంటారు, పైగా బోసి చేతులు తెర మీద వేరే అర్థం చెబుతాయి. మా సీన్లో ఆమె జొన్నరొట్టె చరుస్తూ కొడుకుతో మాట్లాడాలి. చరుపు, గాజులు, మాట మూడూ కలిస్తే ఏదీ తెలియదు. "రెండు చరుపులు చరిచి, చేయి ఆపి, అప్పుడు మాట అను పెద్దమ్మా" అన్నాను. సౌండ్ కోసం చెప్పిన మాటే గానీ సీన్ కూడా దాంతోనే నిలబడింది. కోపమొచ్చిన మనిషి చేతిలో పని ఆపే కదా మాట్లాడుతుంది! రొట్టె చరిచే చప్పుడు, గాజుల గలగల, తలుపు గొళ్లెం లాంటివి సీన్ అయ్యాక మైకు దగ్గర పెట్టి విడిగా పట్టుకోండి.

ఇక ఇల్లు. సీలింగ్ ఫ్యాను, కూలర్, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకుండా బండి తాళంచెవి దాంట్లో పెట్టడం సినిమావాళ్ల పాత చిట్కా, భేషుగ్గా పనిచేస్తుంది. ఎండాకాలంలో నల్లగొండలో ఫ్యాను ఆపితే మనిషి చెమటతో తడిసిపోతాడు. టేకు టేకుకీ మధ్య ఫ్యాను వేయండి, ముఖం తుడవండి, లేదంటే షూటింగే చలికాలానికి పెట్టుకోండి. కొత్త స్లాబు ఇళ్లలో గోడలు బోడిగా ఉంటాయి, కింద షాబాద్ బండలు. చప్పట్లు కొట్టి చూస్తే గది మళ్లీ పలుకుతుంది. ఆ గదిలో ఎంత మంచి మైకైనా మాట బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. ఇంట్లో ఉన్న బొంతలూ దుప్పట్లూ కెమెరాకు కనబడని వైపు గోడకు వేలాడదీయండి, నేల మీద గొంగడి పరవండి.

ఇంటి బయటి చప్పుళ్లకు స్విచ్ ఉండదు, మనుషుల్ని అడగాలి. పక్క చేను బోరుకు ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు పోయి రాగానే దానంతట అదే మొదలవుతుంది. ముందు రోజే వెళ్లి "అన్నా, రేపు పగటిపూట గంటసేపు మోటరు బంద్ పెడ్తవా?" అని అడిగితే చాలామంది సరేనంటారు. అదే షూటింగ్ మధ్యలో పరుగెత్తుకెళ్లి అడిగితే విసుక్కుంటారు, వాళ్ల తప్పు కాదు. పొద్దున గుడి మైకు, కూరగాయల ఆటో స్పీకర్ ఉంటాయి కాబట్టి మాటలున్న సీన్లు మధ్యాహ్నం తిండ్లయ్యాక పెట్టుకోండి. లగ్గాల సీజన్లో డీజే మొదలైతే ప్యాకప్ చెప్పడమే.

సెట్టింగులు ఎక్కువ లేవు. రికార్డింగ్ యాప్‌లో 48 కిలోహెర్ట్జ్ పెట్టండి, 24 బిట్ ఉంటే అదీ. గట్టిగా అన్న మాట కూడా యాప్ మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. సున్నా తాకి చిట్లిన శబ్దాన్ని తర్వాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. రెండు ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. రెండూ ఆన్ అయ్యాక కెమెరా ముందు చప్పట్లు ఒకసారి కొట్టండి. తర్వాత బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికి ఆ చప్పుడే గుర్తు, క్లాప్ బోర్డు చేసే పని అదే. ఫోను వీడియోలో ఫ్రేముల వేగం కొంచెం ఎక్కువ తక్కువ అవుతుంటుంది, అందుకే పొడుగు టేకుల్లో పెదాలు ఒకచోట, మాట ఒకచోట పడతాయి. టేకులు చిన్నగా ఉంచితే ఈ బాధ ఉండదు.

ప్రతి గదిలోనూ చివరగా ఇంకో పని ఉంది. అందరినీ ఉన్నచోటే కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం మాటల్లేని గది చప్పుడు రికార్డు చేయండి. ఎవరో ఒకరు తప్పకుండా దగ్గుతారు, మళ్లీ మొదలుపెట్టండి. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య కోసిన చోట ఇది పరుస్తాం. పూర్తి నిశ్శబ్దం పెడితే ఫోను చెడిపోయిందేమో అనుకుంటాడు చూసేవాడు.

ఆరుబయట శత్రువు గాలి. పానగల్ దగ్గర ఉదయసముద్రం కట్ట మీద సాయంత్రం నిలబడి మాట్లాడితే మైకులో భుర్రుమన్న మోతే వస్తుంది. స్పాంజి తొడుగు ఆ గాలికి చాలదు, బొచ్చు తొడుగు కావాలి. నటుడి వీపు గాలి వైపు ఉండేలా ఫ్రేమ్ మార్చుకోండి. మన కథలో కట్ట మీది సీన్ తండ్రిది. ఆయన మాట్లాడడు గనుక బతికిపోయాం.

ఈ వారం పని: ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఒకరిని, వాళ్లకు బాగా తెలిసిన పంట గురించో వంట గురించో ఒక నిమిషం మాట్లాడించండి. వీడియో ఒక ఫోనులో, మైకు ఇంకో ఫోనులో. ముందు ఫ్యాను వేసి, తర్వాత ఆపి. బొమ్మ చూడకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి, అందని మాటలు కాగితం మీద రాసుకోండి. వచ్చే భాగంలో ఎడిటింగ్ యాప్‌లో బొమ్మనూ శబ్దాన్నీ జతచేస్తాం. వీడియోకూ ఆడియోకూ ఒకే పేరు పెట్టి దాచుకోండి, ఫోను నిండిందని వాటిని తీసేయొద్దు.