సాదా డెనిమ్ బ్యాగుకు పోచంపల్లి ముక్క, తండా అద్దాలు: ఇంట్లోనే ఎలా కుట్టుకోవాలి?

డెనిమ్ బ్యాగు గట్టిది, ఏళ్లకేళ్లు వాడినా చిరగదు. కానీ బస్టాండులో చూస్తే నలుగురి భుజానా అదే నీలం బ్యాగు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఉండేవాళ్లకు దాన్ని తమదిగా మార్చుకునే సరుకు దగ్గర్లోనే ఉంది. పోచంపల్లి, పుట్టపాక, గట్టుప్పల్ మగ్గాల మీద నేసే ఇక్కత్ బట్ట ఉంది. దేవరకొండ, అచ్చంపేట తండాల ఆడవాళ్ల బట్టల మీద తళుక్కుమనే అద్దాలు, గవ్వలు ఉన్నాయి. గమ్ముతో అంటించే స్టిక్కర్లు, రాళ్లు నాలుగు వానలకు ఊడిపోతాయి. సూదీదారంతో కుట్టింది బ్యాగు ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ముక్క ఎంచుకోవడం

దీనికోసం కొత్త బట్ట కొనక్కర్లేదు. జాకెట్లు కుట్టే టైలర్‌ని అడిగితే కటింగ్‌లో మిగిలిన ముక్కలు ఇస్తారు, జానెడు ముక్క చాలు. నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు కాబట్టి అసలైన ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. వెనక్కి తిప్పితే వెలిసినట్టుంటే అది ప్రింటు. నీలం మీద నీలం పెడితే కలిసిపోతుంది. ఎరుపు, మెరూన్, పసుపు, తెలుపు ఉన్నవి తీసుకోండి. పట్టు వద్దు, కాటనే మేలు. రోజూ రాపిడి తగిలే బ్యాగు మీద పట్టు పోగులు త్వరగా లేస్తాయి.

ఒక్కమాట. అమ్మమ్మల నాటి లంబాడా కాంచళినో (అద్దాలు కుట్టిన రవిక), పాత తేలియా రుమాలునో (నూనె పట్టించిన నూలుతో నేసిన ఇక్కత్ గుడ్డ) కోసి బ్యాగుకు వేయకండి. అలాంటి పని మళ్లీ చేయించడం కష్టం. తండాలో తెలిసినవాళ్లుంటే కొత్తగా చిన్న ముక్క కుట్టించుకోండి, బేరమాడకుండా డబ్బివ్వండి. అద్దం చుట్టూ కుట్టడానికి ఎంత ఓపిక కావాలో ఒక్కటి కుట్టి చూస్తే తెలుస్తుంది.

కుట్టే ముందు

తెల్లగుడ్డను తడిపి ముక్క మీద, బ్యాగు మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే విడివిడిగా చల్లనీళ్లలో జాడించి నీడన ఆరేయండి. రంగు అంటకపోయినా ముక్కను ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయాల్సిందే. కాటన్ తర్వాత కుంచించుకుపోతే చుట్టూ ముడతలు పడతాయి.

ఇప్పుడు బ్యాగు లోపల చూడండి. లైనింగ్ ఉంటే దాని అడుగు కుట్టు చేయి పట్టేంత విప్పండి. ఇది చేయకపోతే డెనిమ్‌తో పాటు లైనింగ్‌నూ కుట్టేస్తారు, లోపలి జేబు మూసుకుపోతుంది. లైనింగ్ లేకపోతే లోపల పరీక్ష అట్ట పెట్టుకోండి, సూది అవతలి వైపుకు దిగదు.

ముక్క కుట్టడం

మొదటిసారి చతురస్రమో దీర్ఘచతురస్రమో చాలు, గుండ్రం జోలికి పోవద్దు. పోగు వెంబడి కత్తిరించండి. వెనకవైపు, నాలుగు అంచుల్లో అరంగుళం వదిలి, ఇస్త్రీతో అంటుకునే కాన్వాస్ వేయండి. మూలలు కొంచెం కోసేసి ఆ అరంగుళాన్ని లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. మూల కోయకపోతే అక్కడ బట్ట బొడిపెలా లేస్తుంది.

బ్యాగు భుజానికి వేసుకుని అద్దంలో చూసుకుని చోటు ఎంచుకోండి. ఒంటికి రాసుకునే వైపు, మందపాటి కుట్ల మీద పెట్టకండి. కచ్చా కుట్టు వేసి నిలబెట్టాక, ముక్క రంగు దారంతో దగ్గర దగ్గరగా హెమ్మింగ్ చేయండి. మెషిన్ మీదైతే 16 నంబరు సూది వాడండి. చేత్తోనైతే పొడవాటి గట్టి సూది, వేలికి తొడుగు ఉండాలి.

అద్దాలు

ఇది నిదానంగా చేయాల్సిన పని. బొటనవేలి గోరంత గుండ్రటి అద్దం తీసుకోండి. గాజుదైతే దాని అంచును గరుకు కాగితంతో రుద్దండి, పదునుంటే దారం తెగుతుంది. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో మూడు పోగులు చాలు.

అద్దాన్ని చిన్న గమ్ము చుక్కతో నిలబెట్టండి. అంచు పక్క నుంచి సూది పైకి తీసి, అద్దం మీదుగా అవతలి అంచు పక్కన దింపండి. అలా అడ్డంగా రెండు, నిలువుగా రెండు వేస్తే మీద చిన్న గడి కనిపిస్తుంది. ఐమూలగా ఇంకో నాలుగు వేయండి. ఈ దారాలు బిగుతుగా, అంచు నుంచి కాస్త లోపలికి ఉండాలి. తర్వాతి కుట్టు వాటిని బయటికి లాగుతుంది కాబట్టి వదులుగా ఉంటే అద్దం జారిపోతుంది.

ఆపైన అసలు కుట్టు. సూదిని గడి దారాల కిందికి దూర్చి కాజా కుట్టులా లాగండి. వెంటనే అంచు పక్కన కాస్త బట్ట పట్టి, సూది కింద దారం ఉంచి మళ్లీ లాగండి. ఒకటి దారానికి, ఒకటి బట్టకు. చుట్టూ ఇలా తిరిగేసరికి అద్దం చుట్టూ జడ అల్లినట్టు అంచు వస్తుంది.

ఇక్కత్ ముక్కలో డిజైన్ ఉంది కాబట్టి దాని మీద అద్దాలు వద్దు. ముక్క చుట్టూ, డెనిమ్ మీదే మూలకొకటి పెట్టండి.

గవ్వలు, చివరి పని

పూజా సామగ్రి దుకాణంలో గవ్వలు దొరుకుతాయి. వీపు కోసినవి అడిగితే రంధ్రంలోంచి కుట్టడం తేలిక. మూడు నాలుగు గవ్వలు బ్యాగు మూత అంచున వేలాడితే సరిపోతుంది, ఎక్కువైతే బరువు. ఒక్కోదానికి విడిగా ముడి వేయండి, ఒకటి తెగినా మిగతావి నిలుస్తాయి.

లోపలి దారం కొసలన్నీ ముడివేసి కత్తిరించాక లైనింగ్ కుట్టేయండి. ఇక ఈ బ్యాగును వాషింగ్ మెషిన్‌లో వేయకండి. మురికైన చోట తడిగుడ్డతో తుడిచి, లోపలివైపు బయటికి తిప్పి నీడన ఆరేయండి.