చూడి పందుల దాణాలో అమైనో ఆమ్లాలు ఎలా కలపాలి?

మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాల్లో ఒకటైన లైసీన్‌ను చూడి పందికి పెడితే పిల్లలు బరువుగా పుడతాయన్న మాటలో నిజం ఉంది. అయితే ఎంత పెట్టాలి, ఎప్పటి నుంచి పెట్టాలి, అసలు పెట్టవలసిన అవసరం ఉందా అని చూసుకోకుండానే చాలామంది పెంపకందారులు కోళ్ల మందుల దుకాణం నుంచి ఒక పొడి తెచ్చి తొట్టిలో చెంచాడు చల్లి ఊరుకుంటున్నారు. అవసరానికి మించిన అమైనో ఆమ్లాన్ని పంది శరీరం దాచుకోలేదు. కాలేయంలో దాన్ని విడగొట్టి, యూరియాగా మార్చి మూత్రంలో బయటికి పంపేస్తుంది. షెడ్డులో ముక్కు పగిలే అమ్మోనియా వాసన వస్తుందంటే, కొన్న మాంసకృత్తుల్లో కొంత అలా గాలిలో కలిసిపోతున్నదని అనుమానించాలి.

ఇక్కడ చెప్పే పద్ధతి లార్జ్ వైట్ యార్క్‌షైర్ పందులను గాని, తిరుపతి పశు వైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన టి-17 వంటి సంకర జాతి పందులను గాని సొంతంగా కలుపుకొన్న దాణాతో పెంచేవారి కోసం. హోటల్ వ్యర్థాలపై నడిచే ఫారాలకు ఇది పనికిరాదు, ఎందుకంటే ఏ రోజు తొట్టిలో ఏముందో తెలియనప్పుడు లెక్క వేయడానికి ఆధారమే ఉండదు. పైగా 2020లో మన దేశంలోకి, ఎంగిలి మేత ద్వారా కూడా పందులకు సోకే ప్రాణాంతక వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిన తరువాత కూడా ఉడికించని ఎంగిలి మెతుకులను చూడి పందికి పెట్టడం తెలిసి తెలిసి చేసే పొరపాటు.

1. కావలసినవి

గ్రాముల వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, బస్తాలు తూచే పెద్ద కాటా, శుభ్రమైన టార్పాలిన్, పార, రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఒక రిజిస్టరు ఉంటే చాలు. లైసీన్ కొనేటప్పుడు తెల్లని హైడ్రోక్లోరైడ్ పొడినే, అదీ కంపెనీ సీలు విప్పని సంచిలోనే కొనాలి. విడిగా పొట్లం కట్టి ఇచ్చేదాన్ని ఎంత చవకైనా ముట్టుకోకూడదు.

2. దాటించిన తేదీ రాసుకోవడం

పంది చూలు సుమారు 114 రోజులు, అంటే మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. దాటించిన తేదీని రిజిస్టరులో రాసి, దాని పక్కనే 90వ రోజు ఏ తేదీన వస్తుందో ఎర్ర సిరాతో రాయాలి. పిండాల పెరుగుదలలో, పొదుగు కణజాలం పెరుగుదలలో ఎక్కువ భాగం చివరి నెలలోనే జరుగుతుంది కాబట్టి అమైనో ఆమ్లాల అవసరం కూడా అప్పుడే ఒక్కసారిగా పెరుగుతుంది. తేదీ తెలియని పందికి ఈ పని మొదలుపెట్టడం దండగ.

3. మూల దాణా సరిచూసుకోవడం

ఇక్కడ ఉదాహరణగా తీసుకొనే 100 కిలోల దాణాలో మొక్కజొన్న 50 కిలోలు, నూనె తీసిన తవుడు 35 కిలోలు, సోయా చెక్క 8 కిలోలు, వేరుశనగ చెక్క 4 కిలోలు ఉంటాయి. మిగిలిన 3 కిలోలు ఖనిజ లవణ మిశ్రమం, సున్నపు పొడి, ఉప్పు. వేరుశనగ చెక్క వానకాలంలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి నిలయమవుతుంది కనుక పాత వాసన వచ్చే చెక్కను చూడి పంది దరికి రానీయకూడదు. సోయా చెక్క పచ్చిగా ఉన్నా, మరీ మాడి ముదురు గోధుమ రంగుకు తిరిగినా పనికిరాదు: పచ్చి సోయాలోని పదార్థాలు మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకుంటాయి, మాడిన సోయాలోని లైసీన్ చక్కెరలతో అతుక్కుపోయి, పరీక్షలో కనిపించినా పందికి అందదు.

4. లెక్క వేయడం

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. పంది లైసీన్‌ను శాతాల్లో తినదు, గ్రాముల్లో తింటుంది. ఎదిగే పందుల దాణా సంచి మీద 0.9 శాతం అని ఉందని చూడి పందికీ అంతే కలిపేవారు, పంది రోజుకు ఎన్ని కిలోలు తింటున్నదో చూడనే చూడరు. చూడి పందికి మనం కొలిచి పెడతాం. కాబట్టి రోజుకు పెట్టే కిలోలను కిలోలో ఉన్న గ్రాములతో హెచ్చవేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2012లో వెలువరించిన పట్టికల ప్రకారం తొలిచూలు పందికి 90వ రోజు వరకు రోజుకు దాదాపు 10.6 గ్రాముల జీర్ణమయ్యే లైసీన్, ఆ తరువాత దాదాపు 16.7 గ్రాములు కావాలి. మన పందులు చిన్న ఒడ్డూ పొడవుతో ఉంటే ఈ అంకెలు కొంత తగ్గుతాయే తప్ప పెరగవు. ఇక్కడ ‘జీర్ణమయ్యే’ అన్న విశేషణాన్ని వదిలేస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది, ఎందుకంటే సోయా చెక్కలోని లైసీన్‌లో పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా పందికి అందుతుంటే, తవుడులోని దానిలో పదింట ఏడు వంతులు మాత్రమే అందుతుంది.

నేను వాడే అంకెలు ఇవి: కిలోకు జీర్ణమయ్యే లైసీన్ మొక్కజొన్నలో సుమారు 1.9 గ్రాములు, నూనె తీసిన తవుడులో 4.2, సోయా చెక్కలో 24.6, వేరుశనగ చెక్కలో 11.5. పైన చెప్పిన పాళ్లతో హెచ్చవేస్తే మొక్కజొన్న నుంచి 95, తవుడు నుంచి 147, సోయా నుంచి 197, వేరుశనగ నుంచి 46 గ్రాములు, అంటే 100 కిలోలకు 485 గ్రాములు వస్తాయి. కిలోకు 4.85 గ్రాములన్న మాట. చూలు మొదటి మూడు నెలల్లో రోజుకు 2.2 కిలోలు పెడితే పందికి 10.67 గ్రాములు అందుతాయి, అవసరం 10.6. కనుక 90వ రోజు వరకు ఈ దాణాలో ఒక్క గ్రాము పొడి కూడా కలపనక్కరలేదు. ఈ మాట చెబితే నమ్మనివారే ఎక్కువ, అమ్మేవారైతే అసలు ఒప్పుకోరు.

90వ రోజు తరువాత దాణాను 2.6 కిలోలకు పెంచినా అందేది 12.6 గ్రాములే, కావలసినది 16.7. లోటు 4.1 గ్రాములు. ఇక్కడ రెండో గొయ్యి ఉంది: లైసీన్ హైడ్రోక్లోరైడ్ పొడి అంతా లైసీన్ కాదు, అందులో అసలు లైసీన్ 78 శాతం. 4.1ని 0.78తో భాగిస్తే పందికి రోజుకు 5.26 గ్రాముల పొడి అవసరమని తేలుతుంది. 100 కిలోల దాణా రోజుకు 2.6 కిలోల చొప్పున ఒక పందికి 38 రోజులకు పైగా వస్తుంది గనుక, ఆ 100 కిలోలకు కలపవలసిన పొడి దాదాపు 200 గ్రాములు. లైసీన్ సల్ఫేట్ అన్న గోధుమ రంగు గుళికల సరుకు కూడా మార్కెట్‌లో ఉంది. దానిలో చాలా రకాల్లో అసలు లైసీన్ 55 శాతమే కాబట్టి అదే లోటు పూడ్చడానికి 285 గ్రాములకు పైగా కావాలి. సంచి మీద లైసీన్ అన్న పేరొక్కటే చదివి ఒకదాని కొలతతో మరొకటి కలిపితే, ఎంత కాటా పెట్టి తూచినా ఫలితం తప్పే.

ఇంకొక జాగ్రత్త. ఈ 200 గ్రాముల లెక్క రోజుకు 2.6 కిలోలు తినే పందికి మాత్రమే. అదే దాణాను పొదుపు పేరుతో 1.8 కిలోలే పెడితే అందేది దాదాపు 11.6 గ్రాములు, అంటే పొడి కలపకుండా 2.6 కిలోలు పెట్టినదానికన్నా తక్కువ. పొడికి డబ్బు పెట్టి దాణాలో కోత వేసేవారు ఈ అంకెను గోడ మీద రాసుకోవాలి.

లైసీన్ లోటు తీరగానే తరువాతి లోటు బయటికి వస్తుంది. ఇటుకలు ఎన్ని తెచ్చినా సిమెంటు అయిపోయిన చోట గోడ ఆగిపోయినట్టు, మిగిలిన అమైనో ఆమ్లాల్లో ఏది తక్కువైతే అక్కడే లైసీన్ కూడా వృథా అవుతుంది. చూడి పందిలో ఆ వరుసలో ముందు నిలబడేది థ్రియోనిన్, ఎందుకంటే పేగుల లోపలి జిగురు పొర తయారీకి అది పెద్ద మొత్తంలో ఖర్చవుతుంది. లైసీన్‌తో పోలిస్తే అది 70 శాతానికి పైగా ఉండాలి. మన దాణాలో చివరి నెలలో అందేది 10.5 గ్రాములు, కావలసినది 12 గ్రాములు. 100 కిలోలకు 60 గ్రాముల థ్రియోనిన్ కలిపితే సరిపోతుంది. మెథియోనిన్, ట్రిప్టోఫాన్ ఈ పాళ్లలో సహజంగానే చాలినంత ఉంటాయి. కోళ్ల దాణాలో మొదట తక్కువయ్యేది మెథియోనిన్ కాబట్టి దుకాణదారు అలవాటుగా దాన్నే చేతిలో పెడతాడు, తీసుకోకండి. మోతాదు మించితే పంది మేత తగ్గించేలా చేసే అమైనో ఆమ్లాల్లో అదే మొదటిది.

నాలుగో ఈత దాటిన పందికి ఈ లెక్క మళ్లీ మారుతుంది. తొలిచూలు పంది తాను కూడా ఎదుగుతూ పిల్లలను మోస్తుంది; ముదురు పందికి ఆ భారం లేదు కనుక చివరి నెలలో కూడా పొడి లేని దాణా దాదాపు సరిపోతుంది. అందరికీ ఒకటే తొట్టి, ఒకటే దాణా అన్నచోట ముసలి పందికి పెట్టిన లైసీన్ అనవసరం, తొలిచూలు పందికి పెట్టినది చాలదు.

ఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం సంగతి కూడా చాలామంది అడుగుతారు. అమెరికాలోని టెక్సాస్‌లో తొలిచూలు పందులకు 30వ రోజు నుంచి ఈనే వరకు దాణాలో 1 శాతం ఆర్జినిన్ హైడ్రోక్లోరైడ్ పెట్టినప్పుడు ఈతకు సుమారు రెండు పిల్లలు ఎక్కువగా ప్రాణంతో పుట్టాయని 2007లో ప్రచురించారు. మావిలో రక్తప్రసారాన్ని పెంచే నైట్రిక్ ఆక్సైడ్ ఆర్జినిన్ నుంచే తయారవుతుంది కాబట్టి ఆ ఫలితానికి అర్థం ఉంది. కాని తరువాతి ప్రయోగాలన్నిటిలో అదే లాభం రాలేదు, 100 కిలోలకు కిలో పొడి అంటే ఖర్చు కూడా మామూలుగా ఉండదు. లైసీన్ లెక్కే కుదరని ఫారంలో ఆర్జినిన్ ప్రస్తావన అనవసరం.

5. కలపడం

200 గ్రాముల లైసీన్, 60 గ్రాముల థ్రియోనిన్ తూచి, ముందు 2 కిలోల మొక్కజొన్న పిండిలో చేతితో నలుపుతూ కలపాలి. దాన్ని 10 కిలోల పిండిలో, ఆ మొత్తాన్ని టార్పాలిన్ మీద పరిచిన మిగతా దాణాలో కలిపి పారతో కనీసం నాలుగుసార్లు తిరగతోడాలి. ఒక క్వింటాలు వరకు మిక్సరుకన్నా టార్పాలినే మేలు, అడుగున ఏం మిగిలిందో కంటికి కనిపిస్తుంది. చెంచాతో తొట్టిలో చల్లే పద్ధతిలో గుంపులో బలమైన పంది ముందు వచ్చి పైపొర నాకేస్తుంది, వెనక నిలబడ్డ దానికి ఉత్త తవుడే మిగులుతుంది.

6. పెట్టడం

చూడి పందికి ఉదయం ఆరింటికి సగం, సాయంత్రం నాలుగింటికి సగం పెట్టాలి. విడి పొడి రూపంలో ఉన్న లైసీన్ చెక్కలోని లైసీన్‌కన్నా త్వరగా రక్తంలోకి చేరుతుంది. రోజుకు ఒక్కసారే పెడితే మిగతా అమైనో ఆమ్లాలు వచ్చేసరికి దానిలో కొంత కాలిపోయి ఉంటుంది. దాణాను పొయ్యి మీద ఉడికించే అలవాటున్నవారు చల్లారిన తరువాతే పొడి కలిపిన భాగాన్ని వేయాలి. రాత్రి నానబెట్టి పొద్దున్న పెట్టడం అసలే వద్దు: పులిసే కుడితిలో సూక్ష్మజీవులు ముందుగా తినేసేది ఈ విడి లైసీన్‌నే.

ఈనిన రోజే పిల్లలను తూచి రిజిస్టరులో రాయాలి, తల్లి నడుము మీద అరచేయి పెట్టి నొక్కి చూడాలి. వెన్నుపూసలు నొక్కకుండానే చేతికి తగులుతుంటే ఆ పందికి తక్కువైనది లైసీన్ కాదు, మేత. వచ్చే చూలులో మొక్కజొన్న పాలు, రోజువారీ కిలోలు పెంచాలి గాని పొడి కాదు. ఈనిన తరువాత ఈ దాణాను కొనసాగించకూడదు. పాలిచ్చే పందికి లైసీన్ రోజుకు 40 గ్రాములు దాటి కావాలి, దానికి సోయా పాళ్లు మార్చి వేరే దాణా కలుపుకోవాలి.